పది నిమిషాల రేవు

"ఆ పడవ తీసేసింది నేనే" అని చెప్పేద్దామనే ఆమె ఆ హాలుకి వచ్చింది. తీరా వచ్చాక నోరు పెగల్లేదు.

జిరాక్స్ షాపు మీద చిన్న హాలు. నలభై మంది దాకా ఉన్నారు. అందరూ ఒకప్పుడు ఒకే ఆన్‌లైన్ ఆట ఆడినవాళ్ళు. ఎనిమిదేళ్ళ కిందటి పాత వెర్షన్‌ని కొందరు అభిమానులు కిందామీదా పడి మళ్ళీ బతికించారు. గోడ మీది తెరలో అదే నది, అదే రేవు, అదే చెక్కపడవ కనబడగానే ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ పడవ పది నిమిషాలకోసారి వచ్చేది. అందాకా రేవులో కత్తి తియ్యడానికి లేదు, కొనడానికీ ఏం లేదు. తోచక జనం కబుర్లలో పడేవారు. కొత్త వెర్షన్‌లో పడవ పోయింది. వేలు తాకిస్తే చాలు, అవతలి ఒడ్డున తేలతారు. ఆర్నెల్లు తిరక్కుండా రేవు బోసిపోయింది.

ఆ ఆట తయారుచేసిన కంపెనీలో ఆమె డిజైనరు. ఆ సంగతి ఇక్కడెవరికీ తెలీదు.

"పడవ పీకేసిన మహానుభావుడు దొరకాలిగానీ," అన్నాడు ఒక బస్సు డ్రైవరు, "పీకల్లోతు నీళ్ళలో నిలబెట్టి పది నిమిషాలు వెయిట్ చేయిస్తా."

అందరూ గొల్లున నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పక్క కుర్చీలో చేతికర్రతో ఒక పెద్దావిడ. రిటైరైన నర్సు. "నా పేరు చిలక. ఎర్రగౌను, నడుం దాకా జడ, ఇరవయ్యేళ్ళు. ఆటలో లెండి!" అంది.

ఆమె టీ కప్పు కింద పెట్టేసి ఆవిడ వైపు తిరిగింది. "చిలక... మీరా?"

"నేనే. నమ్మబుద్ధి కావట్లేదు కదూ?" పెద్దావిడ నవ్వింది. "అప్పట్లో మా ఆయన మూడేళ్ళు మంచంలోనే ఉన్నారమ్మా. సాయంత్రం ఆయనకి కాస్త కునుకు పట్టగానే రేవుకి పరిగెత్తేదాన్ని. అక్కడికి గొడుగు అని ఒకతను వచ్చేవాడు. అసలు పేరు నేనూ అడగలేదు. నన్ను నవ్వించందే పడవ ఎక్కనిచ్చేవాడు కాదు. నా వయసు తెలిశాక అమ్మా అనేవాడు. వాళ్ళావిడ అలిగితే ఎలా బతిమాలాలో కూడా నన్నే అడిగేవాడు."

"తర్వాత?"

"పడవ పోయింది. మా ఆయన పోయారని చెప్పుకుందామని చాలా రోజులు ఆ రేవులోనే నిలబడ్డా. గొడుగు మళ్ళీ కనబడలేదు."

ఆమె లేచి నిలబడింది.

"పడవ తీసేసింది నేనే," అంది.

డ్రైవరు నేల చూపులు చూశాడు.

"ఎందుకండీ?" ఎవరో మెల్లగా అడిగారు.

"వెయిట్ చెయ్యలేకపోతున్నామని ఫిర్యాదులు వచ్చాయి. కుప్పలుగా వచ్చాయి. పైవాళ్ళకి చూపిస్తే సరే అన్నారు."

పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "మరి జనమే వద్దంటే నువ్వేం చేస్తావు తల్లీ? నీ ఉద్యోగం నువ్వు చేశావు. ఊరుకో."

డ్రైవరు కూడా దగ్గరకొచ్చాడు. "ఏదో నోరు జారాను, ఏమనుకోకండి మేడమ్," అన్నాడు. ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

ఆమె తల ఎత్తలేకపోయింది. ఆ నీళ్ళు ముట్టుకోలేదు. బ్యాగు తీసుకుని ఎవరి మొహమూ చూడకుండా గబగబా మెట్లు దిగిపోయింది.

ఆ ఫిర్యాదులన్నీ దొంగపేర్లతో రాసింది ఆమే, రోజూ సాయంత్రం ఫోన్ చూసుకుని ముసిముసిగా నవ్వే తన భర్తని, అదే ఆ గొడుగుని, ఆ ఎర్రగౌను పిల్లకి దూరం చెయ్యడానికి.