ఇంటిపేరు

బసవన్న సంతకం పెట్టనన్నాడు.

పదకొండు గంటలకు ఆపరేషన్. ట్రాక్టర్ కింద నలిగిన కాలు. చీము పట్టిన ఎముకను తీసేయగా మోకాలి కింద మూడు వేళ్ల మేర ఖాళీ మిగిలింది. ఈసారైనా అది పూడకపోతే కాలే తీసేయాలి. కర్నూలు ఆసుపత్రిలో ఆ సంగతి అతనికి రెండుసార్లు చెప్పారు. అయినా కాగితం ముట్టుకోలేదు.

బయటి ఎముక పెడతారని నర్సు తనూజ అనేసింది. అప్పటినుంచీ అదెవరిదో చెప్పాలని ఒకటే పట్టు. డాక్టర్ నిస్సీ రావాల్సి వచ్చింది.

“ఎవరిదమ్మా ఆ బొమిక? యా ఊరోళ్లది?”

ఆమె కాగితం అతని ముందుకు జరిపి, పెన్ను తీసింది.

“ఇంటిపేరేమన్నా తెలుస్తాదా?”

నిస్సీ చేతిలో పెన్ను ఆగింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు నందికొట్కూరులో అద్దెకు ఇల్లడిగిన ప్రతిచోటా వాళ్ల నాన్నను అదే అడిగారు. ఇంటిపేరు చెప్పగానే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఇల్లు నిండిపోయేది. ఎందుకడుగుతారో ఈ సీమలో పుట్టినవాడికి విడమరిచి చెప్పక్కర్లేదు.

“ఆడోళ్లదా, మొగోళ్లదా? అదన్నా చెప్పు తల్లీ.”

పక్క మంచం నాగరాజ్ అందుకున్నాడు. “ఆడోళ్లదైతే నడిచేటప్పుడు గజ్జెలు మోగుతాయేమోప్పా.”

వార్డంతా నవ్వింది. బసవన్న తల దించుకున్నాడు.

నిస్సీ ఒక సీసా తెచ్చి అతని కళ్లముందు పట్టింది. లోపల తెల్లటి పలుకులు, ముగ్గురాయి నలగ్గొట్టినట్టు. ఇది సిరామిక్ అని, మన ఎముకలో ఉండే సరుకులాంటిదే ఫ్యాక్టరీ బట్టీలో కాల్చి చేస్తారని, కొన్ని నెలల్లో సొంత ఎముక దీన్ని పట్టుకుని పెరుగుతుందని చెప్పింది. అందరికీ వినబడాలనే చెప్పింది.

“ఇది ఏ మనిషిదీ కాదు. దీనికి ఇంటిపేరు లేదు. మీకేం మైల అంటదు. సిగ్గుండాలి పెద్దాయనా.”

“ఎవరిదీ కాదా?” అన్నాడు బసవన్న.

కాగితం తీసుకుని సంతకం గీకి, గోడవైపు తిరిగాడు. కాలు దక్కుతుందన్న సంతోషమేమీ ఆ ముఖంలో లేదు. సిగ్గుపడ్డాడులే అనుకుంది నిస్సీ. ఇన్నేళ్లకు వాళ్ల నాన్న తరఫున ఒక్కడికైనా జవాబు చెప్పినట్టు అనిపించింది.

వరండాలో బసవన్న భార్య హులిగెమ్మ ఎదురొచ్చింది. చేతులు జోడించి, నేలచూపులు చూస్తూ అంది.

“పోయినేడు మా బిడ్డ హర్షిణి సచ్చిపోతే దాని బొమికలు ఈ ఆసుపత్రికే ఇచ్చినాడు గదమ్మా, అవేమోనని ఆశపడినాడు.”