మొన్న మంగళవారం పుట్టిన భాష

ఆఫీసరు బాబుకి ఒక ముసలమ్మ చెప్పి రాయిస్తున్న సంగతి. రాస్తున్నది నా కోడలు. కోపం మాత్రం నాది.

మా భాషకు ప్రాచీన హోదా ఉంటేనే బడికి దాన్ని నేర్పే పంతులమ్మను ఇస్తామన్నారని మీ దగ్గరికి వచ్చాను.

"పదిహేను వందల ఏళ్లనాటిదని రుజువేదమ్మా?" అన్నారు మీరు.

"నా వయసుకే రుజువు లేదు నాయనా. మా అమ్మ మాట్లాడింది, వాళ్లమ్మా మాట్లాడింది."

"రాసి పెట్టిందేమైనా ఉందా?"

"మాకు రాత లేదు. కోపమొస్తే తిట్టుకున్నాం, అంతే."

"అయితే ఆ తిట్లే చెప్పండి, రాసుకుంటాను."

మా ముత్తవ్వ నాటి తిట్లన్నీ గుక్క తిప్పుకోకుండా అరగంట తిట్టాను. మీరు వాటిని మీ అక్షరాల్లో శ్రద్ధగా రాసుకుని, కింద తేదీ ముద్ర గుద్దారు. ఆ ముద్ర ప్రకారం మా భాష మొన్న మంగళవారమే పుట్టిందని, పదిహేను వందల ఏళ్లు ఆగి రమ్మని పంపేశారు.

సరే, ఆగుతాం. ఆ కాగితానికి చెదలు పట్టకుండా చూడండి. కాకపోతే, గడువు తీరేనాటికి అందులో మిమ్మల్ని ఏమేమన్నానో చదివి అర్థం చెప్పేవాళ్లు ఉండాలి కదా. అందుకని పంతులమ్మను సోమవారానికల్లా పంపించండి.