దమ్ము ఎవరి దిక్కుది?

సీతాఫలాలు అమ్మడానికి వచ్చిన ముసలామె ఇందు అడిగితే మాత్రం అమ్మనంది.

"నీకియ్య బిడ్డా. సల్వ చేస్తది. పిల్లకు దమ్ము లేస్తది, ఆయాసమైతది."

ఇందు నవ్వింది. బేరం వద్దనే వ్యాపారం ఎక్కడైనా ఉందా!

మడికొండ మీద మంచు ఇంకా విడలేదు. కొత్త ఇళ్లన్నీ నిద్రలో తేలుతున్నట్టున్నాయి. ఇందు భుజం మీద చిన్నారి కావ్య మగతగా ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా పాప ఛాతీలో సన్నగా ఈల మోగుతోంది.

"పండవెట్టకు. జర ముందుకు వంచి కూసోవెట్టు. నిమ్మలమైతది," అంటూ ముసలామె లేవబోయి, ఆయాసంతో గేటు పట్టుకుంది.

ఆమె ఛాతీలోనూ అదే ఈల.

ఇందు పాపను హత్తుకుని వెనక్కి జరిగింది. రోజూ ఈమె గంప పక్కనే పాప ఆడుకుంటోంది. మగ్గాల దుమ్ము పిల్లకు తగలకూడదని కాశిబుగ్గ వదిలి ఇంత దూరం వస్తే, రోగం గేటు ముందే కూర్చుందా?

"నీ దమ్మే నా బిడ్డకు అంటింది. మళ్ల ఈ గల్లీల కనవడకు!"

ముసలామె కోప్పడలేదు. పాప పాదం తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. గంప ఎత్తుకుని మెల్లగా నడిచింది. మంచు ఆమెను కొంచెం కొంచెంగా కలుపుకుంది.

ఆ తర్వాత ఆమె రాలేదు. పాపకు మాత్రం తగ్గలేదు.

దవాఖానలో డాక్టర్ శకుంతల అంతా విని తల అడ్డంగా ఊపింది.

"ఆస్తమా అంటుకునేది కాదమ్మా. దుమ్మూ చలీ దాన్ని లేపుతాయి. ఆ గుణం చాలామందికి రక్తంలోనే వస్తుంది. మీ రెండు వైపులా ఎవరికైనా ఉందా?"

భర్త వైపు ఎవరికీ లేదు. ఇందు అక్కడి నుంచే తల్లి రాములవ్వకు ఫోన్ చేసింది.

"అమ్మా, మన దిక్కు ఎవరికన్న దమ్ముండెనా?"

"నేనూ మీ నాయినా ఇన్నేండ్లు నూలు దుమ్ములనే బతికినం. మాకు లేదు బిడ్డా."

"మరి నా బిడ్డకు ఎక్కడికెల్లి అచ్చింది?"

ఫోన్‌లో వినిపిస్తున్న మగ్గం చప్పుడు ఆగిపోయింది. రాములవ్వ గొంతు తగ్గించింది.

"నర్సంపేటల సోమక్కకుండె. ఆమె సచ్చిపోతె నిన్న మట్టికే పోయచ్చిన."

"సోమక్క ఎవలు?"

"దమ్ముతోని సాదలేక, పసిగుడ్డును నా ఒళ్లె వెట్టింది. ఎన్నడూ చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్న. మనుమరాలిని చూడాలని పానం కొట్టుకుంటే, సీతాఫలాల గంపెత్తుకుని నీ గేటు కాడికి అచ్చింది... నిన్ను కన్నది ఆమెనే బిడ్డా."