చెల్లెలి మూలుగ

"ఈ తెల్లమచ్చలు నా వల్లే కదండీ?" అంది మా ఆడపడుచు, కంప్యూటర్ తెరమీద వాళ్లన్నయ్య మెదడును చూస్తూ.

నేను తెల్లబోయాను. మా ఆయనకు ఎముక మూలుగ ఇచ్చింది తనే. మార్పిడి జరిగిన కొన్నాళ్లకు ఆయనకు ఫిట్స్ వచ్చాయి. తెలివొచ్చాక నన్ను "నర్సమ్మగారూ, మీరు" అనడం మొదలుపెట్టారు. పెళ్లయ్యాక దొరికిన మొదటి మర్యాద అది. అప్పట్నుంచీ ఈమె వార్డు గుమ్మం దాటి లోపలికి రాలేదు. అలసట కాబోలనుకున్నాను.

"మీ వల్లా?" అన్నాడు డాక్టరు.

"నాకు మతిమరుపండీ. పొయ్యిమీద పాలు పెట్టి ఊరంతా తిరిగొస్తాను. అది కూడా మూలుగతోపాటు అన్నయ్యకు వెళ్లిపోయిందేమో!"

డాక్టరు నవ్వకుండా ఇంకో స్కాన్ తెరిచాడు. "మూలుగ రక్తాన్ని తయారుచేస్తుందమ్మా, బుద్ధిని కాదు. కొత్త మూలుగ ఆయన ఒంటితో తగువు పెట్టుకోకుండా ఇచ్చిన మందువల్ల మెదడు వాచింది. ఆ మచ్చలు ఆ వాపువే. మందు మార్చాం. ఇది ఇవాళ్టి స్కాన్. మచ్చలున్నాయా?"

ఆమె రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత మాస్కు కట్టుకుని తిన్నగా వార్డులోకి నడిచింది.

"ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావే?" అన్నారు ఆయన.

"నీ బుర్ర పాడుచేసింది నేను కాదని తేలొద్దూ అన్నయ్యా!"

మాస్కు వెనకాల నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఆయన మాత్రం చెయ్యి చాచారు.