సగంలో ఆగిన హరికథ

"నా ఫోన్ని ఆ పెట్టెకి కలుపుకోనిస్తావా తల్లీ?"

అడిగింది ముసలామె. నిన్ననే కొండ మీద గుండు చేయించుకుని వచ్చి, తిరుపతిలో నిర్మలమ్మ అద్దెకిచ్చే పైగదిలో దిగింది.

పెట్టె అంటే హాల్లోని స్మార్ట్ స్పీకరు. పొద్దున్నే అందులో మునిరత్నమ్మ హరికథ మోగాల్సిందే. మోకాళ్ళ దాకా జడ వేసుకుని, సీతమ్మను "తల్లీ..." అని సాగదీసి పిలిచే మునిరత్నమ్మ అంటే నిర్మలమ్మ వాళ్ళమ్మకు ప్రాణం. ఇంట్లో ఉన్న రికార్డు సగమే, సీతమ్మ ఏడుపు దగ్గరే ఆగిపోతుంది. మిగతాది వినాలని ఆశపడుతూనే అమ్మ కన్నుమూసింది. తనైనా వినాలని నిర్మలమ్మ వెతకని చోటు లేదు.

"కుదర్దమ్మా. వైఫై ఇస్తే మా కెమెరాలు, ఫోటోలు అన్నీ బయటపడతాయి."

నిర్మలమ్మకు అద్దె ముద్దే గానీ, అద్దెకొచ్చిన వాళ్ళంటే అనుమానం.

కూతురు లోహిత నవ్వింది.

"వైఫై ఇయ్యాల్సిన పన్లేదు మా. గెస్టులకు వేరే దారి ఉండాది. అవ్వ ఫోన్లోది స్పీకర్లో వినపడతాది, అంతే. మనది ఆమెకు పోదు, ఆమెది మన కాడ మిగల్దు."

"అట్లయితే సరే. సద్దు తగ్గించి పెట్టుకోమను."

లోహిత ఫోను కలిపిచ్చి, తల దువ్వుకోవడానికి లోపలికి పోయింది. నిర్మలమ్మ వంటింట్లో చట్నీకి మిక్సీ వేసింది.

మిక్సీ ఆపేసరికి హాల్లో స్పీకర్లోంచి ఏదో ముసలి బొంగురు గొంతు. నిర్మలమ్మ వంటింట్లోంచే అరిచింది.

"పొద్దున్నే ఆ గొంతేందమ్మా? వినలేక సస్తా ఉండాను. ఆపేయ్!"

ముసలామె ఆపేసింది. సంచి సర్దుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రేణిగుంటలో రైలుండాది. పోయొస్తా తల్లీ..."

ఆటో కదిలింది.

లోహిత దువ్వెనతో బయటికొచ్చింది. "ఏం మా, హనుమంతుడు సీతమ్మకు ఉంగరమిచ్చే కాడ ఆపించేస్తివే!"

నిర్మలమ్మ గబుక్కున వెనక్కి తిరిగింది. "ఉంగరమా? మన కథలో అంత దూరం యాడుందే?"

"మనది కాదు మా, అవ్వ ఫోన్లోది."

"మళ్ళీ పెట్టు! బిన్నే, తొందరగా పెట్టు!"

"ఎట్లా పెట్టేది? ఆమెతోనే పోయింది."

నిర్మలమ్మ వీధిలోకి పరిగెత్తింది. ఆటో మలుపు తిరిగిపోయింది. వెతకబోయిన తీగ కాలికి తగిలితే తన్నేసుకున్నట్టయింది.

గుమ్మంలో వినిపించిన ఆ మాట అప్పుడు మళ్ళీ చెవిలో పడింది.

"పోయొస్తా తల్లీ..."

అమ్మ రోజూ కళ్ళు తుడుచుకుంటూ విన్న పిలుపు అదే. జడ మాత్రం నిన్న కొండ మీదే ఉండిపోయింది.