నాలుగో టెలిస్కోపు

“ఇది కూడా మసగ్గానే ఉంది సాహెబ్,” అంటూ ఆయన రైఫిల్‌ను బల్లమీద పెట్టేశాడు.

నూర్ అహ్మద్‌కు ఒళ్లు మండింది. పుంగనూరులో ఎయిర్ రైఫిళ్లు అమ్మడం, రిపేరు చేయడం అతని పని. టెలిస్కోపు బిగించడంలో అతని చేతికి తిరుగులేదని మదనపల్లె నుంచి కుప్పం దాకా పేరు. అలాంటిది, పొద్దున అంబాసిడర్ కారు దిగిన ఈ పెద్దమనిషి మధ్యాహ్నం దాటుతున్నా దేనికీ సరే అనడు.

ఆయన పేరు గోపాలస్వామి. బెంగుళూరులో ఉంటాడట. ఈ మధ్యే రైఫిల్ క్లబ్బులో చేరాడట. టార్గెట్ షూటింగ్‌కు సొంతంగా ఒక రైఫిల్, దానిమీదికి ఒక టెలిస్కోపు కావాలి. ఈ ఊరికి ఏదో పనిమీద వచ్చి, అంగడి పేరు విని ఇటు తిరిగాడు.

మొదటి రైఫిల్ బరువన్నాడు. రెండోదాని చెక్క చెంపకు ఆనడం లేదన్నాడు. మూడోది భుజానికి అతికినట్టు సరిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు నూర్ అహ్మద్. అప్పుడు మొదలైంది టెలిస్కోపు పేచీ.

“లోపల గురి గీతలు అలికేసినట్టు కనిపిస్తున్నాయి.”

“అద్దం తుడుస్తా, ఉండండి సార్.”

తుడిచాడు. మార్చాడు. మళ్లీ మార్చాడు. ప్రతిసారీ బిగించి, పెరట్లో ఇసుక మూటకు అతికించిన కాగితంమీద ఒక గుండు కాల్చి చూసుకున్నాకే ఆయన చేతికిచ్చాడు. ఒకటి పొగపట్టినట్టుందన్నాడు. ఇంకొకటి వెలుతురు లాగడం లేదన్నాడు. ఇప్పుడు నాలుగోది.

లోపలి నుంచి అమీనా అన్నానికి పిలిచింది. “నువ్వు తినేయ్, నాకు ఈ పూట అన్నం రాసిపెట్టలేదు!” అని భార్యమీద అరిచాడు నూర్ అహ్మద్.

తర్వాత కొంచెం తగ్గి, “ఇంకొక్కసారి కాల్చండి సార్. నేను పక్కనుండి సూస్తా,” అన్నాడు.

గోపాలస్వామి రైఫిల్ ఎత్తి గురిపెట్టాడు. గొట్టం ఇసుమంత కూడా కదల్లేదు. అంత నిలకడైన చెయ్యి నూర్ అహ్మద్ కొత్తవాళ్లలో ఎక్కడా చూడలేదు. గుండు మాత్రం కాగితం అంచును చీల్చుకుని పోయింది.

“చూశారా?” అన్నాడు గోపాలస్వామి.

నూర్ అహ్మద్ రైఫిల్ లాక్కున్నాడు. గుండు పెట్టి కాల్చాడు. కాగితం మధ్యలో నల్లచుక్కకు చిల్లు పడింది.

“మీకు అలవాటు కాబట్టి తగిలింది. సరుకు మంచిది కాదు సాహెబ్. అయినా ఈ మధ్య ఎక్కడా వెలుతురు సరిగా ఉండటం లేదు. మీ అంగడి మరీ చీకటి.”

సరుకు మంచిది కాదనేసరికి నూర్ అహ్మద్ ఓపిక తెగిపోయింది. ‘సార్’ కూడా పోయింది.

“ఇట్ల రాప్పా నువ్వు!”

రైఫిల్ బల్లమీద పడేసి, ఆయన్ను చెయ్యి పట్టుకుని అంగడి గుమ్మంలోకి లాక్కొచ్చాడు. బయట ఎండ కణకణలాడుతోంది.

“వెలుతురు సాలునా? ఆ ఎదురుగా సోడా అంగడి బోర్డు సదువు.”

గోపాలస్వామి విసుగ్గా చదివాడు, తప్పులేకుండా.

“ఇప్పుడు ఎడమ కన్ను మూసుకో. గురి పెట్టేటప్పుడు మూస్తాండావే, అట్ల. ఆఁ, ఇప్పుడు సదువు.”

గోపాలస్వామి అరచేత్తో ఎడమ కన్ను మూసుకున్నాడు.

“ఏ బోర్డు?” అన్నాడు.

నూర్ అహ్మద్ నవ్వబోయి ఆగిపోయాడు. గోపాలస్వామి చెయ్యి తీశాడు. మళ్లీ మూసుకున్నాడు. మళ్లీ తీశాడు. ఆయన మొహంలో నెత్తురు లేదు. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నూర్ అహ్మద్ కోపమంతా దిగిపోయింది. స్టూలు లాగి ఆయన్ను కూర్చోబెట్టాడు.

“భయపడొద్దండి సార్. రెండు కండ్లు తెరిసి తిరిగేటోళ్లకు ఒక కంటికి పొర వచ్చేది తెలీదంట. మా అమ్మకూ ఇట్లే అయింది. రేపు ఈడ ఇస్కూల్లో కంటి క్యాంపు పెడతాండారు. బెంగుళూరు నుంచి పెద్ద డాక్టరు వస్తాండాడంట. ఆయప్ప చెయ్యి పడితే సూపు వచ్చినట్టేనంట. మీరూ రాండి. మీ బదులు క్యూలో నేను నిలబడతా.”

గోపాలస్వామి నేలకేసి చూస్తున్నాడు. “చాలామంది వస్తారా?”

“సోమల నుంచి, తంబళ్లపల్లె పక్కనుంచి ముసిలోళ్లు ఇప్పుడే దిగిపోయిండారు, బండ్లు కట్టుకోని.”

“మీ అమ్మగారికి ఏ కన్ను?”

“కుడిది ఎప్పుడో పోయింది సార్. మిగిలింది ఎడమదే. దానికే రేపు ఆపరేషన్. పేపర్లన్నీ రాసిచ్చేసినాము.”

గోపాలస్వామి లేచి నిలబడ్డాడు. బల్లమీది రైఫిల్‌ను రెండు చేతులతో తీసి, నూర్ అహ్మద్ వైపు జరిపాడు.

“అమ్మగారికి చెప్పండి సాహెబ్, రేపు ఆపరేషన్ లేదని. మిగతావాళ్లకు నేనే పోయి చెప్పుకుంటాను.”

నూర్ అహ్మద్‌కు మళ్లీ చిర్రెత్తింది. “పొద్దన్నుంచి నా సరుకుకు వంకలు పెట్టింది సాలక, ఇప్పుడు ఆపరేషనుకూ పెడతాండారా? ఎందుకు లేకుండా పోతాది? డాక్టరు రాడా ఏంది?”

“వచ్చేశాడు సాహెబ్,” అన్నాడు గోపాలస్వామి. “పొద్దుట్నుంచీ మీ సరుకుకు వంకలు పెడుతున్నది ఆయనే.”