ముప్పై పక్కన సున్నా

"ఆ ఒక్క గడి పచ్చగా మార్చు. రెండు నిమిషాల పని," అన్నాడు మేనేజరు, ఆమె కంప్యూటరు తెర మీద వేలు పెట్టి.

ఆ గడి ఎర్రగా ఉంది. పిల్లల ఆసుపత్రిలోని ఏడో నంబరు లిఫ్టుది. బ్రేకులు పరీక్షించి తొంభై నాలుగు రోజులైందని అందులో రాసి ఉంది. ముప్పై రోజులు దాటితే గడి దానంతటదే ఎర్రబడుతుంది. లిఫ్టుల మరమ్మతులు చూసుకునే ఆ కంపెనీలో, రిపోర్టుకు ఆ నియమం పెట్టింది ఆమే.

"మార్చను సార్," అంది.

ఆఫీసులో అందరూ ఆమెను చిట్కాలమ్మ అంటారు. రిపోర్టులో తేదీలు తారుమారైతే, నెలను అంకెల్లో కాక అక్షరాల్లో రాయమంటుంది. నంబరు ముందున్న సున్నాలు మాయమైతే, దాని ముందు చిన్న కొటేషన్ గుర్తు పెట్టమంటుంది. పేజీలో నిన్నటి వివరాలే కనిపిస్తుంటే, బ్రౌజరు దాచుకున్నదంతా చెరిపేసి మళ్లీ తెరవమంటుంది. ఎవరికి ఏది మొరాయించినా ఆమె బల్ల దగ్గరికే పరుగు. మేనేజరూ అలా ఎన్నోసార్లు వచ్చినవాడే. ఈసారి అడిగింది మాత్రం చిట్కా కాదు, మోసం. ఆ సంగతి తెలిసే అడుగుతున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది అందుకే.

"పదకొండింటికి కొత్త చైర్మన్ గారు వస్తున్నారు. ఈ ఎరుపు ఆయన కంటపడితే నా ప్రమోషన్ గల్లంతే. వచ్చే వారం మెకానిక్కుని పంపిస్తానన్నాను కదా?"

"పోయిన నెలా ఇదే మాటన్నారు. ఆ లిఫ్టులో రోజంతా పిల్లల స్ట్రెచర్లు ఎక్కి దిగుతుంటాయి సార్. వచ్చే వారం దాకా ఆగుతాయో లేదో బ్రేకుల్నే అడగండి."

"సరే, రంగు మార్చకు. తొంభై నాలుగు తీసేసి ఇరవై పెట్టు."

"మెకానిక్కు వెబ్‌సైటులో నింపిన తేదీ నుంచే ఆ లెక్క వస్తుంది. మధ్యలో ఎవరూ వేలు పెట్టకూడదనే ఆ లెక్క కట్టే ప్రోగ్రాము రాశాను."

"దాని పాస్‌వర్డ్ చెప్పు."

"చెప్పను."

"ఉద్యోగం ఊడుతుంది."

ఆమె మెడలోని ఐడీ కార్డు తీసి అతని ముందు పెట్టింది. "తీసుకోండి. పాస్‌వర్డ్ మాత్రం రాదు."

మేనేజరు ముఖం జేవురించింది. అంతలోనే ఏదో తట్టినట్టు నవ్వాడు.

"నీ అంకెలు నువ్వే ఉంచుకో. నలభై పేజీల్లో అంకెలు చదివే ఓపిక ఎవరికుంటుంది? అందరూ చూసేది రంగులే."

అతను తన గదిలోకి వెళ్లి రిపోర్టు సెట్టింగులు తెరిచాడు. రంగుల నియమం మార్చుకునే వీలు మేనేజర్లకు ఉంది. రోజూ వచ్చి ప్రాణం తీస్తుంటే, భరించలేక ఆమే ఇచ్చింది. అక్కడున్న ముప్పై పక్కన అతను ఒక సున్నా చేర్చాడు. ఇక మూడు వందల రోజులు దాటితే తప్ప ఏ గడీ ఎర్రబడదు. నలభై పేజీల్లో ఉన్న ఆ ఒక్క ఎర్ర గడీ పచ్చబడింది.

ప్రింటరులోంచి వస్తున్న పేజీలు చూసి ఆమెకు విషయం అర్థమైంది. ఇంత పని చేస్తాడనుకోలేదు. అతని వెనకాలే మీటింగు గదికి నడిచింది.

"కార్డు ఇచ్చేశావుగా, నువ్వెందుకు?" అన్నాడతను గుమ్మంలో అడ్డు నిలబడి.

"కార్డే ఇచ్చాను సార్, నోరు ఇవ్వలేదు," అని అతన్ని తప్పించుకుని లోపలికి వెళ్లి కూర్చుంది.

చైర్మన్ అరవై దాటిన మనిషి. వచ్చి నెల కూడా కాలేదు. ఎవరినీ పలకరించకుండా రిపోర్టు అందుకుని చదవడం మొదలుపెట్టాడు. వరస వెంట వేలు జరుపుతూ, ఒక్కో పేజీ దగ్గర చాలాసేపు ఆగుతున్నాడు. మేనేజరుకు కుర్చీలో కుదురు లేదు.

"మొత్తం పచ్చే సార్. నలభై పేజీల్లో ఒక్క ఎరుపు కూడా లేదు," అన్నాడు.

"ఊఁ," అన్నాడు చైర్మన్ తలెత్తకుండా.

ఆ 'ఊఁ' ఆమెకు ఒప్పుకోలులా వినిపించింది. ఈయనా నమ్మేశాడు. ఇక్కడ నోరు మూసుకుంటే ఆ లిఫ్టు అలాగే తిరుగుతుంది. లేచి నిలబడింది.

"సార్, ఆసుపత్రిలో ఏడో నంబరు..."

"ఆవిడ ఇందాకే ఉద్యోగం వదిలేసింది సార్, పట్టించుకోకండి," అని మేనేజరు అడ్డు తగిలాడు.

"ఉండమ్మా, ఇంకా అక్కడికి రాలేదు," అంటూ చైర్మన్ పేజీ తిప్పాడు.

ఆమె కూర్చోలేదు. ఎంతసేపైనా సరే, ఎవరు తోసేసినా సరే, చెప్పే కదులుతానని అలాగే నిలబడింది. మేనేజరు ఆమె వైపు చూసి పెదవి విరిచాడు. పేజీలు ఒక్కొక్కటే తిరిగాయి. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిదో పేజీ మధ్యలో చైర్మన్ వేలు ఆగింది.

"ఆసుపత్రికి ఫోన్ చేసి ఏడో నంబరు లిఫ్టు ఇప్పుడే ఆపించండి. బ్రేకులు చూసి తొంభై నాలుగు రోజులేమిటయ్యా?"

మేనేజరు ఆ పేజీలోకి తొంగిచూశాడు. "అది... పచ్చగానే ఉంది కదా సార్?"

చైర్మన్ కళ్లజోడు తీసి అతని వైపు చూశాడు.

"ఉందేమో. నాకు పుట్టినప్పటి నుంచీ ఎరుపూ పచ్చా ఒక్కలాగే కనిపిస్తాయి, అందుకే అంకెలు తప్ప ఇంకేం చూడను."